.22 చాలు అనేవాళ్ళకు

లైసెన్సు చేతికొచ్చిన మన నగల వ్యాపారులకు కొందరు ".22 చాలు, చెయ్యి అదరదు" అని సలహా ఇస్తున్నారు. మేము ఒప్పుకోము.

9 ఎం.ఎం. మామూలు జనానికి నిషిద్ధం. నడుముకు పెట్టుకునే చిన్న పిస్తోలుకు ముఖ్యంగా మిగిలింది .22, .32 బేరమే. .22 తూటాలో ప్రైమర్ మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. అంచులో ఒకచోట అది సరిగ్గా పరుచుకోక, పిన్ను అక్కడే కొడితే పేలదు. .32లో ప్రైమర్ నడిమధ్య వేరుగా ఉంటుంది, మొరాయించడం బాగా తక్కువ. గుండు బరువు చూడండి: .22ది సుమారు 40 గ్రెయిన్లు, .32 పిస్తోలుది 71. ప్రాణం మీదికొచ్చిన వేళ క్లిక్కుమని ఊరుకునేదాన్నా మనవాళ్ళకు అంటగట్టేది?

అదురు మాట నిజమే. చిన్న పిస్తోలులో .32 కాస్త తన్నుతుంది. సాధన చేస్తే అలవాటవుతుంది. సాధనకు తీరిక లేదంటారా, ఏదీ కొనకండి. ఆ డబ్బుతో ఇనపపెట్టె తాళం మార్చుకోండి.

ఇంకొకటి. అంగట్లో ".32 ఇవ్వండి" అంటే చాలదు. రివాల్వరు తూటా వేరు, పిస్తోలు తూటా వేరు. మీటర్ గేజ్ బండి బ్రాడ్ గేజ్ మీద నడుస్తుందా? రసీదులో తూటా పూర్తి పేరు రాయించుకోండి.