పసుపుఛాయల పోటీ
జీవనోపాధుల నడుమ చిక్కిన ఆదివారమున పదిమంది కూడి, ఒకే విషయమును ఎవరి కంటికి తోచినట్లు వారు చిత్రించి, పిదప నిర్మొహమాటముగా విమర్శించుకొను గోష్ఠులు నగరములకే చెల్లునను భ్రమ మనకేల? 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పిన దామెర్ల రామారావు 1925లో మశూచికి బలియైనను, వరదా వెంకటరత్నము ప్రభృతులు ఆ సంప్రదాయమును నిలిపిరి. ఇక పసుపు పండు మన ఊరు ఇందల్వాయికి విషయదారిద్ర్యమా! ఉడికి, కళ్లమున ఎండి, మట్టివన్నెకు దిగిన పసుపుకొమ్ము, డ్రమ్ములో పొరలి పొట్టు రాలగానే బంగారుఛాయ దాల్చు ఆ ఒక్క పరిణామమును పటమున నిలుపుటలోనే కుంచె పట్టినవాని నేర్పు తేలిపోవును. ఇట్టి గోష్ఠిలో పోటీ ఉండవలసినదే, నగదు బహుమతి మాత్రము వలదు, అది చెలిమిని చెరచును, పైపెచ్చు గెలిచిన పటమునే అందరిచేత మరల వేయించును. సంక్రాంతి ముగ్గులకు బహుమతులిచ్చు పెద్దలు ఈసారి బడిలో ఒక గదిని, నాలుగు రంగుడబ్బాలను సమకూర్తురు గాక.