వంటిల్లునే ఇల్లనుకున్నారు!



పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పాత వంటింటి దూలాల మీది మసిని చూసి, ‘ఎంత రుద్దినా పోదే’ అని విసుక్కోనిది మనలో ఎవరు చెప్పండి! ఇంగ్లండులో పాత ఇళ్ళను పరిశీలించేవాళ్ళు మాత్రం ఆ మసి కోసమే వెతుకుతారు. అటక ఎక్కి, టార్చి వేసి, వాసాలు నల్లగా ఉన్నాయా లేదా అని చూస్తారు. నల్లగా ఉంటే, ఒకప్పుడు ఆ ఇంటి నడిమధ్య నేలమీదే నిప్పు వెలిగేదనీ, పొగగొట్టం లేదనీ అర్థం.

అలాంటి ఇళ్ళలో పేరున్నది బేలీఫ్. కెంట్ ప్రాంతంలో చిడింగ్‌స్టోన్ ఊరికి చెందిన ఓ కలిగిన రైతు ఇల్లు. నడిమి హాలు, ఒక చివరి గదులు 15వ శతాబ్దం మొదట్లో కట్టారు. రెండో చివరి గదులు సుమారు 1505-10 నాటివి. దుంగల్లోని వలయాలు లెక్కపెట్టి ఈ సంగతి తేల్చారు.

ఈ ఇంటికి ప్రాణం గోడలు కాదు, ఓక్ దుంగల చట్రం. ఓక్ చెక్కను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కాలి, ఎండిందంటే ఉలికి లొంగదు. ఒక దుంగ కొసను సన్నగా చెక్కి, రెండో దుంగలో తొలిచిన బెజ్జంలో దింపి, అడ్డంగా కొయ్యచీల కొడతారు. చెక్క ఎండేకొద్దీ అతుకు ఇంకా బిగుస్తుంది. చట్రం నడుమ పుల్లల తడిక అల్లి, బంకమట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తుతారు. ‘అరె, ఇది మన పల్లెల్లోని తడిక గోడే కదా’ అంటారా? ఔనండీ, అదే! బరువు మోసేది స్తంభాలూ దూలాలే కాబట్టి, గోడ పాడైతే మళ్ళీ మెత్తుకుంటే సరి.

ఇక లోపలికి వెళ్దాం. మధ్యలో పెద్ద హాలు. దానికి మిద్దె లేదు, తలెత్తితే పైకప్పు వాసాలే కనిపిస్తాయి. రెండు చివర్లా మాత్రం పైన గదులున్నాయి, అవి ముందుకు కాస్త పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక చివర కింద రెండు చిన్న గదులు: ఒకటి ‘పాంట్రీ’, రొట్టెలు దాచుకునేది. రెండోది ‘బటరీ’. వెన్న దాచే గది అనుకునేరు! పానీయాల పీపాలు పెట్టుకునే గది అది.

హాలు నేలమీద మంట. పొగ పైకి లేచి, వాసాల కింద తారాడి, పైకప్పు కొసల్లోని ఖాళీల్లోంచీ పెంకుల సందుల్లోంచీ బయటికి పోవాలి. కిటికీలకు అద్దాలు లేవు, కొయ్య కమ్ములూ చెక్క తలుపులే. మూస్తే పొగ, తెరిస్తే చలి! ఆ మంట దగ్గర కూర్చుని ఊదిన ఇల్లాలి కళ్ళు ఎలా మండేవో వేరే చెప్పాలా? కట్టెల పొయ్యి ఎరిగిన వాళ్ళకు ఆ బాధ తెలుసు.

16, 17 శతాబ్దాల్లో ఇలాంటి ఇళ్ళకు పొగగొట్టాలు వచ్చాయి. పొగకు వేరే దారి దొరికాక హాలు మీద మిద్దె వేసుకునే వీలు కలిగింది. పైన పడకగది, కింద ఊపిరాడే గది. పొయ్యి మారితే ఇల్లే మారిపోయింది, చూశారా!

సరే, ఇంత పాత ఇల్లు ఎలా మిగిలింది? బౌ బీచ్ అనే జలాశయం కట్టడం కోసం ఆ చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది. మన నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండ కట్టడాలను పైకి తరలించలేదూ, అలాగే 1968-69లో బేలీఫ్‌ను విప్పారు. చీలలతో బిగించిన ఇల్లు కాబట్టి చీలలు ఊడదీస్తే విడిపోయింది. వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్టన్ ఊరి దగ్గర, ‘వీల్డ్ అండ్ డౌన్‌లాండ్’ ఆరుబయలు మ్యూజియంలో దాన్ని మళ్ళీ నిలబెట్టారు. 1540 ప్రాంతంలో ఎలా ఉండేదో అలా బల్లలూ పెట్టెలూ చేయించి సర్దారు, పక్కన కూరతోట కూడా వేశారు.

అసలు మీకు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. అదే జలాశయం వల్ల వింక్‌హర్స్ట్ అనే మరో చిన్న కట్టడాన్నీ తరలించారు. చాలా ఏళ్ళు దాన్ని ‘చిన్న రైతు ఇల్లు’ అనే చూపించారు. తర్వాత జాగ్రత్తగా పరిశీలిస్తే తేలిందేమిటంటే, అది ఇల్లు కాదు, ఓ పెద్ద ఇంటికి చెందిన వంటిల్లు! అప్పుడు దాన్ని మ్యూజియంలోనే మరోచోటికి మార్చి, 2002 నుంచి వంటిల్లుగా చూపిస్తున్నారు. అక్కడ ఆ కాలపు వంటలు చేసి చూపిస్తారు కూడా. అప్పటికి వాళ్ళకు బంగాళాదుంపలూ టొమాటోలూ తెలియవు. ధాన్యం, బఠాణీలు, ఆకుకూరలు వేసి కాచిన జావే రోజువారీ తిండి.

అంత చదువుకున్నవాళ్ళు కూడా వంటిల్లును గుర్తుపట్టలేకపోయారంటే నవ్వొచ్చింది, ఆపైన కాస్త బాధా వేసింది. ఎవరు కట్టించారో కాగితాల్లో దొరకొచ్చు. ఆ పొగలో ఎవరు వండారో ఏ కాగితమూ చెప్పదు. ఆ మాట చెప్పేది మసి ఒక్కటే.

మన ఊళ్ళలోనూ పాత పెంకుటిళ్ళు విప్పి స్లాబు ఇళ్ళు వేసుకుంటున్నాం. తప్పేం లేదు, పొగలో మగ్గమని ఎవరినీ అనకూడదు. అయితే విప్పే ముందు ఒక్క పని చేయండి. వీధి అరుగునూ గుమ్మాన్నీ ఫొటో తీసినట్టే వంటింటినీ తీయండి. పొయ్యి ఏ మూల ఉండేది, పొగ ఎటు పోయేది, నీళ్ళ బిందెలు ఎక్కడ పెట్టేవారు, రోలు ఎక్కడుండేది అన్నవి అత్తగారినో అమ్మమ్మనో అడిగి ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. ఆవిడ ఉండగానే అడగాలి సుమండీ. రేపు మన మనవలు ‘ఇదేం గది?’ అని తెల్లబోకుండా ఉంటారు.

ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.