గాలికి అడ్డు, మంటకు మూత

హైస్కూలు సైన్సు ల్యాబ్‌లో నీలిమంటతో వెలిగే స్పిరిట్‌ దీపం గుర్తుందా? వీపున సంచితో కొండలెక్కేవాళ్లలో చాలామంది టీ కాచుకునేది దాని తమ్ముడి మీదే. అమెరికాలో సుమారు 3,500 కిలోమీటర్ల అపలేచియన్‌ కాలిబాట పట్టేవాళ్లు ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాలు కోసి ఈ స్టవ్‌ చేసుకుంటారు. బరువు పది, పదిహేను గ్రాములు. పంపు లేదు, వాషరు లేదు, చెడిపోవడానికి ఏమీ లేదు.

వేసవి సెలవుల్లో మావాడూ ఒకటి చేశాడు. డాబా మీద అరలీటరు నీళ్లు పెట్టాం. పోసిన పాతిక మిల్లీలీటర్ల స్పిరిట్‌ అయిపోయింది, నీళ్లు మాత్రం గోరువెచ్చన దాటలేదు. తప్పు స్టవ్‌ది కాదు, గాలిది. స్వీడన్‌ కంపెనీ ట్రాంగియా 1950ల నుంచీ స్టవ్‌తోపాటే గాలికి అడ్డు కూడా ఇస్తున్నది ఊరికే కాదు.

ఆ అడ్డు ఇంట్లోనే చేసుకోవచ్చు. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగైదు మడతలు వేసి, అంచులు లోపలికి మడిచి, అడుగున కాగితాల పంచ్‌తో వరసగా చిల్లులు వేయండి. గిన్నె చుట్టూ వేలు దూరేంత సందుతో నిలబెట్టి పేపర్‌ క్లిప్పు పెట్టండి. బిగుతుగా చుడితే స్టవ్‌ మరీ వేడెక్కి మంట ఎగుస్తుంది. గిన్నె నిలవడానికి స్టీలు జాలీని గుండ్రంగా చుడితే సరి. స్టవ్‌కూ గిన్నె అడుగుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లుండాలి. ఈ రెండూ పెట్టాక అదే పాతిక మిల్లీలీటర్లకు నీళ్లు సలసలా మరిగాయి!

అసలు సంగతి మూత. పట్టపగలు ఎండలో స్పిరిట్‌ మంట కనిపించదు. ఆరిపోయిందనుకుని మావాడు సీసా వంచబోయాడు. వాళ్లమ్మ చెయ్యి పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. ఆరని స్టవ్‌లో పోస్తే మంట ధార వెంట సీసాలోకి పాకుతుంది, మండే స్పిరిట్‌ ఎదురుగా ఉన్నవాళ్ల మీదికి చిమ్ముతుంది. ఆ సాయంత్రమే పాలపొడి డబ్బా ఒకటి సగానికి కోసి, పట్టుకోవడానికి తీగ కట్టాం. స్టవ్‌ మీద దాన్ని బోర్లించి, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే మళ్లీ పోయాలి. పక్కన తడి గోనెసంచి ఉండాలి.

కొలతకు దగ్గుమందు సీసా మీది ప్లాస్టిక్‌ కప్పు పనికొస్తుంది, మిల్లీలీటర్ల గీతలుంటాయి. మళ్లీ మందుకు మాత్రం వాడొద్దు. రంగుల దుకాణాల్లో అమ్మే స్పిరిట్‌లో మిథనాల్‌ ఉండొచ్చు. తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. కాబట్టి మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకండి. వేరే సీసా పెట్టి, ఎర్ర అక్షరాలతో ‘విషం’ అని రాయండి.

గుడారం లోపల వెలిగించొద్దు, నిప్పుతోపాటు విషవాయువు భయం కూడా. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం. రైల్లో స్పిరిట్‌ తీసుకెళ్లనివ్వరు, దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి. స్టవ్‌, అడ్డు, జాలీ, మూత అన్నీ కలిపి టీ గిన్నెలోనే ఇమిడిపోతాయి.