బీపీ నలభై ఏళ్లకు పుట్టలేదు

మన ఊళ్లోకి వైద్య శిబిరం వస్తుంది. నలభై ఏళ్ల అన్నకు బీపీ అంటారు, అక్కకు షుగర్ అంటారు. బిళ్లలతో పాటు ఉపన్యాసం కూడా ఇస్తారు: సారా మానండి, చుట్ట మానండి, ఉప్పు తగ్గించండి, మీ అలవాట్లే మీకు రోగం తెచ్చాయి. మనం తల వంచుకుని వింటాం. ఎన్నాళ్లు వింటాం?

ఆ అన్న కడుపులో ఉన్నప్పుడు తల్లి ఏం తిన్నదో ఎవరూ అడగరు. పోడు మీద కేసులు పెట్టి చోడి, సామ, కంది పండే కొండ నుంచి ఆమెను దించింది ఎవరో అసలే అడగరు. నెల తప్పిన నాటి నుంచి గంజి మీదే బతికిన తల్లికి రెండున్నర కిలోలైనా తూగని బిడ్డ పుడితే, అది ఏ అలవాటు?

ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911-1930 మధ్య పుట్టిన మగవాళ్ల పాత బరువుల రిజిస్టర్లు వెతికి తీశాడు. పుట్టినప్పుడు, ఏడాది నిండినప్పుడు బరువు తక్కువున్నవాళ్లే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో చూపించాడు. 1944-45 చలికాలంలో జర్మన్లు తిండి దారులు మూసేసి హాలండ్‌ను పస్తు పెట్టారు. అప్పుడు కడుపులో ఉన్నవాళ్లను యాభై ఏళ్ల వయసులో పరీక్షిస్తే, ఒంట్లో చక్కెర అదుపు తప్పడం ఎక్కువగా కనిపించింది. కడుపులో ఆకలిగొన్న శిశువు ఉన్న కాస్త తిండినీ మెదడుకు మళ్లిస్తుంది. కిడ్నీకి తక్కువ పడుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడపోసే భాగాలు నెలలు నిండి పుట్టాక కొత్తగా తయారు కావు. నలభై ఏళ్లకు ఉప్పు తగ్గిస్తే మేలే, కానీ పోయినవి రావు.

అలాగని చుట్టను వెనకేసుకు రావడం లేదు. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని పొగ తాగేది మనమే. చుట్ట వెలిగించుకు రమ్మని ఏడేళ్ల పిల్లను పొయ్యి దగ్గరికి పంపేదీ మనమే. మొదటి దమ్ము అక్కడే పడుతుంది. ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సంత నుంచి వస్తూ చిప్స్ పొట్లం తెచ్చి ముద్దు చేశామనుకుంటున్నాం.

ఇక ఆశ్రమ పాఠశాల. పసితనం తర్వాత ఒళ్లు మళ్లీ వేగంగా పెరిగే వయసంతా మన పిల్లలు అక్కడే గడుపుతారు. గోడ మీది మెనూలో గుడ్డు, కంచంలో నీళ్ల పప్పు! రక్తం లేని ఎనిమిదో తరగతి పిల్లను చదువు మాన్పించి పెళ్లి చేస్తే, ఆమె కడుపులో ఇంకో బీపీ మొదలవుతుంది. మాస్టారూ, రిజిస్టర్‌లో సంతకం పెట్టేముందు ఒక్కసారి కంచంలోకి చూడండి.

2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా బాలింతకూ అంగన్‌వాడీలో ఉచిత భోజనం హక్కు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన కేంద్రంలో తూకం పనిచేస్తోందో లేదో వెళ్లి చూడండి. ఈసారి శిబిరం వచ్చినప్పుడు ఉపన్యాసం మొదలు కాకముందే మనమే ఒకటి అడుగుదాం: ఈ ఏడాది మన ఊళ్లో పుట్టిన బిడ్డల బరువులు ఎంతెంత? కాగితం చూపించమందాం.