ప్లేబాక్ పాడిన ఇంజను

మాది కృష్ణా జిల్లా ఘంటసాల. ఊరిపేరు చెప్పీ చెప్పగానే "అయితే ఓ పాట అందుకోండి మాస్టారూ!" అంటారు ఎదుటివాళ్ళు. ఆ మహాగాయకుడు పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలోననీ, ఘంటసాల ఆయన ఇంటిపేరనీ చెప్పి తప్పించుకుంటూ ఉంటాను. నాకు పాట రాదు గానీ చెవి ఉంది. ఆ చెవి కాస్తా ఇంజన్ల వెంట పడింది! వీధిలో బులెట్టు వెళ్తుంటే నడిపేవాడి మొహం చూడను, చప్పుడు వింటాను. పాత విమానాలో, రేసు కార్లో ఉన్న సినిమా అయితే రెండో ఆట టిక్కెట్టు కూడా కొని, కళ్ళు మూసుకుని విని వస్తాను.

"ఇంజన్లో వినడానికి ఏముందండీ?" అంటారా? చెబుతాను.

"గుండమ్మ కథ" (1962) చూశారు కదా. రామారావుగారికీ ఘంటసాలే పాడారు, నాగేశ్వరరావుగారికీ ఘంటసాలే పాడారు. తెరమీద మొహాలు రెండు, వెనక గొంతు ఒక్కటి. అచ్చం అలాంటి ప్లేబాకే ఓ ఇంగ్లీషు సినిమాలో ఒక ఇంజను పాడింది. హీరోకీ అదే, విలనుకీ అదే!

ఆ సినిమా "బాటిల్ ఆఫ్ బ్రిటన్" (1969). 1940లో ఇంగ్లండు ఆకాశంలో బ్రిటిష్, జర్మన్ విమానాలు తలపడిన కథ. బ్రిటిష్ వాళ్ళ స్పిట్‌ఫైర్లకి రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ ఇంజను. జర్మన్ మెసర్‌స్మిట్లకి ఉండవలసింది డైమ్లర్‌బెంజ్ ఇంజను. కానీ షూటింగు నాటికి ఎగిరే మెసర్‌స్మిట్లు అన్నేసి ఎక్కడ దొరుకుతాయి? స్పెయిన్ వాళ్ళు అదే నమూనాలో కట్టుకున్న "బుచోన్" విమానాలు దొరికాయి. వాటిలో ఉన్నదేమిటనుకున్నారు? మెర్లినే! రెక్కలమీద జర్మన్ గుర్తులు, ముక్కులో బ్రిటిష్ ఇంజను.

ఆ గొంతు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మన బులెట్టుకి ఒక్కటే సిలిండరు. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకి 25 సార్లు పేలుతుంది. అది మద్దెల దరువు. మెర్లిన్‌కి రెండు వరసల్లో 12 సిలిండర్లు. అదే వేగంలో సెకనుకి 300 పేలుళ్ళు! ఇక దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు వినపడదు. దరువు పోయి శ్రుతి అవుతుంది. నా బోటి వాడు రెండోసారి టిక్కెట్టు కొనేది అందుకే మరి.

* * *

ఈ ఇంజన్లకీ మన తెలుగు నేలకీ ఓ చుట్టరికం ఉంది సుమండీ!

మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రనుకి డీహెచ్-9ఏ విమానాలు కొనిచ్చింది హైదరాబాదు నిజాం. ఆయన కానుక అని ప్రతి విమానం మీదా రాశారు. స్క్వాడ్రనుకి "హైదరాబాద్" అనే పేరే ఖాయమైంది. వాటిలో ఉన్నది అమెరికావారి లిబర్టీ ఇంజను. 12 సిలిండర్లు, 27 లీటర్లు, 400 హార్స్‌పవర్. యుద్ధం అయ్యాక అలాంటి లిబర్టీనే ఒకదాన్ని "బాబ్స్" అనే కారులో బిగించి, పారీ థామస్ అనే ఇంజనీరు 1926లో వేల్సు సముద్రపుటొడ్డున గంటకి 171 మైళ్ళు తీసి ప్రపంచ రికార్డు కొట్టాడు. మరుసటి ఏడు అదే ఇసుకమీద, అదే కారులో ప్రాణం పోగొట్టుకున్నాడు. కారుని అక్కడే పాతిపెట్టారు. 1969లో తవ్వి తీసి మళ్ళీ నడిపించారు!

రెండో యుద్ధంలోనూ నిజాం విరాళాలు వెళ్ళాయి. 152వ స్క్వాడ్రను "హైదరాబాద్", 253వది "హైదరాబాద్ స్టేట్" అయ్యాయి. 152 వారి చిహ్నం నిజాంగారి తలపాగా! వీళ్ళవి స్పిట్‌ఫైర్లు, వాళ్ళవి హరికేన్లు. రెండిట్లోనూ మెర్లినే.

మెర్లినూ 27 లీటర్లే. మరి 400 ఉన్న హార్స్‌పవర్ వెయ్యి ఎలా దాటింది? రేసుల పుణ్యం! రోల్స్‌రాయిస్ వారు స్నైడర్ ట్రోఫీ విమాన పందేల కోసం "ఆర్" అనే ఇంజను కట్టి, సిలిండర్లలోకి గాలిని దట్టించే సూపర్‌చార్జరు విద్యలో ఆరితేరారు. 1931లో ట్రోఫీ గెలిచారు. అదే రకం ఇంజనుతో మాల్కం కాంప్‌బెల్ 1935లో బ్లూబర్డ్ కారుని 300 మైళ్ళు దాటించాడు. ఆ నేర్చిన పాఠాలే మెర్లిన్‌కి అక్కరకొచ్చాయి.

* * *

ఇంత గొప్ప గొంతుకీ ఓ జబ్బు ఉండేది. మోటారు సైకిలు కార్బురేటరు విప్పి చూసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. లోపల పెట్రోలు మట్టాన్ని కాపాడేది ఫ్లోటు. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే పెట్రోలు పైకి ఎగదన్నేది. ముందు ఇంజనుకి పెట్రోలు అందదు, ఆ వెంటనే ఎక్కువై ముంచేస్తుంది. శ్రుతి తెగిపోయేది! జర్మన్ ఇంజన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది కనక వాళ్ళు నిక్షేపంగా కిందికి దూకి తప్పించుకునేవారు. వెంటాడే కుర్రాడికి ఆ ఒక్క క్షణమే చావుబతుకుల మధ్య తేడా.

ఆ జబ్బుకి మందు కనిపెట్టింది బీట్రిస్ షిల్లింగ్. ఈవిడ ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో ఇంజనీరు. 14 ఏళ్ళకే మోటారు సైకిలు కొనుక్కున్న పిల్ల! 1934లో నార్టన్ బండిమీద బ్రూక్‌లాండ్స్ ట్రాకులో గంటకి 106 మైళ్ళ వేగంతో చుట్టు కొట్టి బంగారు నక్షత్రం అందుకుంది. "నువ్వూ ఆ నక్షత్రం సంపాదించు, అప్పుడే పెళ్ళి" అని కాబోయే మొగుడికి షరతు పెట్టిందని చెప్పుకుంటారు. ఏ సినిమా రచయితకీ తట్టలేదు చూశారా!

ఆమె చేసింది చాలా చిన్న పని. పెట్రోలు దారిలో చిల్లు ఉన్న చిన్న లోహపు బిళ్ళ పెట్టింది. ఇంజనుకి కావలసినంత పెట్రోలే పోతుంది, ముంచెత్తదు. విమానాన్ని సేవలోంచి తప్పించకుండానే బిగించవచ్చు. 1941 మొదట్లో తన బృందంతో విమానాశ్రయాలన్నీ తిరిగి బిగించి వచ్చింది. జబ్బు పూర్తిగా కుదరలేదు, కానీ ప్రాణం మీదికి రావడం తగ్గింది.

యుద్ధం కథ సినిమాగా తీస్తే మొహాలు పైలట్లవే కనపడతాయి. తప్పు లేదు, ప్రాణాలొడ్డింది వాళ్ళు. కానీ ఆ గొంతు సరిచేసిన ఆడపిల్లా, నిజాం ఖజానాకి శిస్తులు కట్టిన తెలంగాణా రైతులూ టైటిల్సులో ఎక్కడా పడరు. హైదరాబాద్ పేరు విమానాలమీద ఎగిరింది గానీ, శిస్తు కట్టినవాడు ఆ విమానాన్ని కళ్ళారా చూశాడా? ప్లేబాక్ గాయకుడికైనా పాటల పుస్తకంలో పేరు వేస్తారు. వీళ్ళకి కనీసం నా కాలంలోనైనా పేరు పడాలని నా పంతం.

వచ్చే వారం మన దేశపు బండి సంగతి. "బాబీ" (1973)లో హీరోహీరోయిన్లని మోసి, జనం నోట "బాబీ" అనే పేరే తెచ్చుకున్న ఆ బుల్లి రాజ్‌దూత్ జాతకం చూద్దాం. దాని పుట్టిల్లు పోలండ్ అంటే నమ్ముతారా?