సిస్టమ్ ముందు కూర్చున్న పిల్లాడు చెడిపోలేదు

విశాఖ దగ్గరున్న మా అచ్యుతాపురంలో ఓ అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. పిల్లాడు గాజువాకలోనో ద్వారకానగర్‌లోనో డబ్బు కట్టి కంప్యూటర్ కోర్సులో చేరితే బాగుపడుతున్నట్టు. అదే పిల్లాడు సాయంత్రాలు ఇంట్లో సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ ముందు కూర్చుని ఆటలాడుతూ, సినిమాలు చూస్తూ, పాటలు సర్దుకుంటూ, మధ్యమధ్యలో డబ్బా విప్పి బిగిస్తూ ఉంటే చెడిపోతున్నట్టు. "అది కూడు పెడుతుందా?" అన్న ప్రశ్న ఇంట్లో అమ్మానాన్నల దగ్గర మొదలై, బడిలో మాస్టారి దాకా, సంబంధాలు చూసే పెద్దల దాకా పోతుంది. ఈ అభిప్రాయం తప్పు. మన పిల్లలకూ మన భాషకూ ఏళ్ల తరబడి నష్టం చేస్తున్న తప్పు.

ఎదుటివాళ్ల వాదనను ముందు న్యాయంగా చెప్పుకోవాలి. కంప్యూటర్ పనిముట్టు, దాన్ని పనికే వాడాలి అంటారు. వినోదానికి టీవీ ఉంది, ఫోను ఉంది అంటారు. సర్టిఫికెట్ ఇస్తే చదువు, ఇవ్వకపోతే టైంపాస్ అంటారు. అనకాపల్లి, యలమంచిలి, గాజువాక, పూడిమడక రోడ్లు కలిసే మా జంక్షన్‌లో షిఫ్టు బస్సుల కోసం నిలబడే జనాన్ని చూస్తే ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో తెలుస్తుంది. బ్రాండిక్స్ బట్టల కంపెనీలో రోజంతా కుట్టుమిషన్ మీద వంగి వచ్చిన తల్లికి, ఫార్మా కంపెనీలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన తండ్రికి, కొడుకు గంటల తరబడి తెర ముందు కూర్చోవడం భయం పుట్టిస్తుంది. ఆ భయాన్ని నేను చులకన చెయ్యను. కానీ భయం వేరు, నిజం వేరు. యంత్రం లోతు తెలిసిన మనుషులు ఎలా తయారయ్యారో వెతికి చూస్తే, సరదా నేర్పినంత సిలబస్ నేర్పలేదని తేలుతుంది.

మన భాష సంగతే చూడండి. ఇవాళ అచ్యుతాపురంలో కూరగాయలమ్మే ఆవిడ కూడా ఫోనులో తెలుగు చదువుతోంది. ఈ సదుపాయం ఏ కోర్సూ మనకు పెట్టలేదు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి అందరికీ ఇచ్చారు. మన పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటులో వార్తలు పెడుతుండగా, ఒకచోట అక్షరం ఇంకోచోట చదవడానికి రాని ఆ రోజుల్లో, వాటిని అన్ని యంత్రాలూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' సాఫ్ట్‌వేర్‌ను రాసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిందీ ఆయనే. 2006లో వీవెన్ 'లేఖిని' తెచ్చాక, కీబోర్డు అమరిక తెలియనివాళ్లు కూడా బ్రౌజరులో తెలుగు టైపు చెయ్యగలిగారు. ఈ పనులు చెయ్యమని వీళ్లను ఎవరూ పురమాయించలేదు. కంప్యూటర్ మీద ఇష్టం, తెలుగు మీద ఇష్టం కలిసి వాళ్లను తెర ముందు కూర్చోబెట్టాయి. ఆ గంటలను ఆనాడు ఎవరైనా "వృథా" అని ఆపి ఉంటే నష్టపోయేది మనమే.

2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. అది 'జ్ఞా' లాంటి అక్షరం. లోపల దాని వరస ఇది: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించకుండా అక్షరాలను విడిగా ఉంచే ఓ గుర్తు, చివర దీర్ఘం. అయిదింటిని కలిపి ఒక బొమ్మగా గీయబోయి ఆ సాఫ్ట్‌వేర్ తడబడింది. ఆపిల్ సంస్థ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ప్రపంచంలోకెల్లా ధనిక కంపెనీల్లో ఒకటి, ఇన్ని పరీక్షలు చేసి కూడా, మన ఒత్తు దగ్గర బోల్తా పడింది. మన అక్షరం యంత్రంలో ఎలా ఉంటుందో తెలిసిన మనుషులు మనలోంచే రావాలని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సరదాలో చదువెక్కడుంది అని అడిగేవాళ్లకు ఒక చిన్న సంగతి దగ్గరగా చూపిస్తాను. ఒక కుర్రాడు పరాయి భాష సినిమాకు తెలుగు సబ్‌టైటిల్ ఫైలు తగిలించాడనుకోండి. తెర మీద తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరుస్తాడు. లోపల వరస సంఖ్య, మాట మొదలయ్యే సమయం, ముగిసే సమయం, కింద ఆ మాట ఉంటాయి. అక్షరాలు ఏ సంకేతంలో ఉన్నాయో, ప్లేయర్ వాటిని ఏ సంకేతంగా చదువుతోందో పోల్చుకుని, యూటీఎఫ్-8 అనే యూనికోడ్ సంకేతంలో సేవ్ చేస్తాడు. తెలుగు వస్తుంది. అప్పుడు రెండో చిక్కు మొదలవుతుంది. తొలి సీన్లలో సరిపోయిన మాటలు పోనుపోను వెనకబడతాయి. గంట గడిచేసరికి తేడా రెండు నిమిషాలు దాటుతుంది. కారణం వెతికితే, సబ్‌టైటిల్స్ సెకనుకు 23.976 ఫ్రేములు నడిచే కాపీకి రాసినవి, తన దగ్గరున్నది 25 ఫ్రేములది. ఫైలులోని ప్రతి సమయాన్నీ ఆ రెండింటి నిష్పత్తితో గుణిస్తే తప్ప మాట పెదవికి కలవదు. బడిలో నిష్పత్తి లెక్కల్ని మార్కుల కోసం బట్టీ పట్టిన పిల్లాడు, ఇక్కడ సినిమా కోసం వాటిని అర్థం చేసుకున్నాడు.

అక్కడితో ఆగడు. మన ఊరి పేరు తెలుగులో టైపు చేసి ఫైలు సైజు చూస్తాడు. అచ్యుతాపురం అన్న మాటకు యూటీఎఫ్-8లో 33 బైట్లు పడతాయి. ఇంగ్లీషు స్పెల్లింగుకు 12 చాలు. తెలుగులో అచ్చుకూ హల్లుకూ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ తలా మూడు బైట్లు, ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటి. ఈ తేడా ఎందుకొచ్చిందని అడిగినవాడు యూనికోడ్ చరిత్రలోకి వెళ్తాడు. ఈ పాఠం ఏ ఎంఎస్ ఆఫీస్ కోర్సులోనూ దొరకదు.

ఇక ఆటలు. అందరూ ఎక్కువగా తిట్టేది వీటినే. గ్రాఫిక్స్ కార్డు అనే వస్తువు ఇంటింటికీ చేరింది ఆటల కోసమే. తెరమీది లక్షల చుక్కలకు ఒకేసారి రంగు లెక్కగట్టడం దాని పని. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, జెఫ్రీ హింటన్ సుమారు 12 లక్షల ఫొటోలతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు బొమ్మలు గుర్తుపట్టడం నేర్పారు. దానికి వాళ్లు వాడినవి రెండు జీటీఎక్స్ 580 కార్డులు. ఆటగాళ్లు దుకాణంలో కొనుక్కునే కార్డులే. ఇవాళ ఏఐ పేరు చెప్పి మనవాళ్లు పిల్లల్ని ఏ చదువులో చేర్చాలా అని పరుగులు తీస్తున్నారే, ఆ దారి తెరుచుకున్నది ఆటల యంత్రం మీద. ఆటాడిన ప్రతి పిల్లాడూ శాస్త్రవేత్త అవుతాడని నేననడం లేదు. ఆట ఆగి ఆగి నడుస్తోంటే లోపం కార్డుదా, ర్యామ్‌దా, వేడెక్కడం వల్ల వచ్చిందా అని వెతికే పిల్లాడు మాత్రం యంత్రాన్ని చదువుతున్నాడంటున్నాను.

ఇక్కడ ఒక గీత స్పష్టంగా గీయాలి. డబ్బు పెట్టి ఆడే రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు ఆటలు కావు, జూదం. వాటివల్ల కుటుంబాలు కూలిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందేల ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుచేసి గుర్తించింది. చట్టం చూసిన తేడాను మన ఇళ్లు చూడటం లేదు. జూదం మీద కోపాన్ని తెచ్చి, ఇంట్లో కారు రేసు ఆడుకునే పిల్లాడి మీద చూపిస్తున్నాం. నిద్ర మానుకుని ఆడితే ఆపాల్సిందే, కళ్లు మండుతుంటే లేపాల్సిందే. హద్దు పెట్టడం పెద్దల బాధ్యత. మొత్తానికే చెడు అని ముద్ర వెయ్యడం ఆ బాధ్యతను తప్పించుకోవడం.

"ఫోనుందిగా, మళ్లీ ఈ డబ్బా దేనికి?" అనేవాళ్లున్నారు. రెండింటికీ పెద్ద తేడా ఉంది. ఫోనులో కంపెనీ చూపించేది చూస్తాం. దాని మూత తీయడం కష్టం, లోపలి వ్యవస్థను మార్చడం అంతకంటే కష్టం. పాత డెస్క్‌టాప్ అలా కాదు. స్టార్ట్ కాకుండా బీప్ కొడితే, పక్క రేకు విప్పి, ర్యామ్ తీసి, దాని బంగారు పూత కాళ్లను రబ్బరుతో తుడిచి మళ్లీ పెడితే లేచి కూర్చుంటుంది. ఆ క్షణంలో పదమూడేళ్ల పిల్లకు యంత్రం మీద భయం పోతుంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి సుమారు 5 లక్షల ట్యాబ్‌లు పంచింది. ఖర్చు చిన్నది కాదు, ఉద్దేశం చెడ్డదీ కాదు. కానీ పాఠం తప్ప ఇంకేదీ తెరవనివ్వకుండా తాళాలు వేసి ఇచ్చారు. పిల్లల చేతికి యంత్రం ఇచ్చి, దాన్ని తెలుసుకునే హక్కు ఇవ్వలేదు. సరదా అంటే చెడు అన్న నమ్మకమే ఆ తాళాల వెనక ఉంది.

ఆడపిల్లల విషయంలో ఈ నమ్మకం ఇంకా అన్యాయం చేస్తోంది. మగపిల్లాడు తిట్లు తింటూనైనా సిస్టమ్ ముందు కూర్చుంటాడు. అదే ఇంట్లో అతని చెల్లికి ఆ కుర్చీయే దొరకదు. అంట్లు తోమి, హోంవర్క్ చేసి వచ్చేసరికి పడుకునే వేళవుతుంది. రేపు కాలేజీలో ఇద్దరికీ ఒకే ల్యాబ్ పరీక్ష పెడతారు, ఆ అమ్మాయి తడబడితే "ఆడపిల్లలకు కంప్యూటర్ రాదు" అంటారు. రానివ్వనిది ఎవరు?

ఏఐ వచ్చింది కాబట్టి ఇప్పుడివన్నీ నేర్చుకోనక్కర్లేదనడం కొత్త వాదన. ఇది పాత సోమరితనానికి కొత్త సాకు. ఏఐ నమూనాలు మాటను ముక్కలు చేసుకుని చదువుతాయి. తెలుగు మాటను చాలా నమూనాలు ఇంగ్లీషు మాటకంటే ఎక్కువ ముక్కలు చేస్తాయి, అంటే అదే విషయానికి మనకు ఎక్కువ ఖర్చు, ఎక్కువ తప్పులు. ఆ లోపం కనిపెట్టి నిలదీసేది, ఇంట్లో సిస్టమ్ మీద చిన్న నమూనా దించుకుని ఆడుకుంటూ, తెలుగులో ఎందుకు తడబడుతోందని తల గోక్కున్న మనిషే.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, సమయం మన గుమ్మంలోకి వచ్చింది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో గిగావాట్ స్థాయి డేటా కేంద్రం నిర్మిస్తామని ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి. తర్లువాడ, అడవివరంతో పాటు మన పక్కనున్న రాంబిల్లి పేరూ ప్రతిపాదించిన స్థలాల్లో ఉంది. గేటు దగ్గర కాపలాకూ, ఊడ్చే పనికీ మనవాళ్లను తీసుకుని, లోపలి పనికి బయటివాళ్లను తెచ్చుకునే తీరు ఈ ప్రాంతం ఇదివరకే చూసింది. సర్వర్ ఎందుకు ఆగిందని అడిగే అలవాటు చిన్నప్పుడు ఇంట్లో పడనివాడికి, ఉద్యోగంలో చేరిన రోజున ఒక్కసారిగా రాదు.

అదే అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు సరిపోని పాత సిస్టమ్‌లు ఆఫీసుల్లో మూలపడుతున్నాయి. వాటిలో చాలా వాటి మీద లినక్స్ చక్కగా నడుస్తుంది. ఆ లినక్స్‌ను 1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, హాబీగా చేస్తున్నానని చెప్పుకునే మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలోని సర్వర్లలో అత్యధిక భాగం దాని మీదే నడుస్తోంది.

కాబట్టి అడుగుతున్నాను. ఇక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) కంపెనీలు తీసేసే కంప్యూటర్లను హార్డ్ డిస్కులు శుభ్రంగా తుడిచి చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు ఇవ్వాలి. బడుల్లో కంప్యూటర్ గది తాళం సాయంత్రం రెండు గంటలైనా తీసి ఉంచాలి. అక్కడ సిలబస్ ఉండకూడదు, పరీక్ష ఉండకూడదు, ఆడపిల్లలకు సగం కుర్చీలు ఖాయంగా ఉండాలి. గ్రంథాలయానికి నాలుగు సిస్టమ్‌లు, ఒక నెట్ కనెక్షన్ ఇవ్వడం పంచాయతీకి మోయలేని భారం కాదు. అమ్మానాన్నలకు ఒక్కటే మనవి. రేపు సాయంత్రం మీ పిల్లాడు సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడు కట్టెయ్యమనే ముందు, పక్కన కుర్చీ వేసుకుని "ఏం చేస్తున్నావురా?" అని అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. జూదమైతే ఆపండి. నేర్చుకుంటున్నాడని తెలిస్తే మీ అమ్మాయిని కూడా పిలిచి అక్కడే కూర్చోబెట్టండి.