వండిన చేతులకు ఒక మాట

భోజనానికి ముందు ప్రార్థన చేసుకునే అలవాటు మన సంఘములో పాలుతాగే పిల్లలను మినహాయిస్తే అందరికీ ఉన్నది. అందుకు దేవునికి స్తోత్రము. అయితే ప్రియ సహోదరీ సహోదరులారా, భోజనమైన తరువాత మనము ఏమంటాము? ఏమీ అనము. చెయ్యి కడుక్కుంటాము, తువ్వాలుకు తుడుచుకుంటాము, లేచిపోతాము. వండిన మనిషి తిన్నదో లేదో అడిగేవారు అరుదు. ఈ విషయములో మనము జపాను దేశపు సామాన్యుల దగ్గర నేర్చుకోవలసినది ఉన్నదని మా అభిప్రాయము.

మా పెద్దవాడి ఉద్యోగము టోక్యోలో కనుక మేమూ అమ్మగారూ కొంతకాలము అక్కడ ఉండి వచ్చాము. వాళ్ళుండే నిషి కసాయిలో మన దేశస్థులు చాలామంది. కందిపప్పు, చింతపండు, కారం అన్నీ దొరుకుతాయి. అందుచేత మొదటి వారమంతా జపాను భోజనము ముఖమే చూడలేదు. కోడలు పట్టుబట్టి ఒక సోబా దుకాణానికి తీసుకువెళ్ళింది.

దుకాణమంటే మన వంటింటికి కొంచెం పెద్దది, అంతే. గుమ్మానికి నీలి గుడ్డ వేలాడుతుంది. దానిని నోరెన్ అంటారు. అది బయట కట్టి ఉంటే దుకాణము తెరిచినట్టు, లోపలికి తీసేస్తే మూసినట్టు. చెక్క బల్ల ముందు ఎనిమిది పీటలు, పక్కన రెండు బల్లలు. బల్లకు అవతల ముసలాయన వండుతున్నాడు, ఆయన భార్య అందిస్తున్నది. కూర్చోగానే తడి తువ్వాలు, టీ ఇచ్చారు. మా కోడలు, పిల్లలు చేతులు జోడించి 'ఇతదకిమస్' అన్నారు.

సోబా అంటే కుట్టు పిండితో చేసే సన్నని నూడుల్స్. ఉత్తరాదివారు ఉపవాసాలకు వాడే పిండి అదే. వట్టి కుట్టు పిండి తెగిపోతుందని చాలాచోట్ల 8 పాళ్ళకు 2 పాళ్ళు గోధుమ పిండి కలుపుతారు. వెదురు చాప మీద చల్లగా పెట్టి ఇస్తారు. చిన్న గిన్నెలోని పులుసులో ముంచుకొని జుర్రుమని శబ్దము చేస్తూ తినాలి. అక్కడ అది తప్పు కాదు. (అమ్మగారికి అది చాలా నచ్చింది. ఇన్నేళ్ళుగా మమ్మల్ని అన్న మాటలన్నీ అక్కడ మరిచిపోయింది.) ఆ పులుసుకు ప్రాణము ఒక ఎండు చేప. దానిని ఉడకబెట్టి, పొగ పెట్టి, కర్రలాగా గట్టిపడేవరకు ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పల్చగా గీస్తారు. ఎండు చేపల వాసన ఎరిగిన మన ప్రాంతము వారికి అది పరాయిదిగా అనిపించదు.

తిన్న తరువాత ఆ పెద్దావిడ ఒక పాత్రలో వేడి నీళ్ళు తెచ్చి పెట్టింది. అవి సోబా ఉడికించిన నీళ్ళు. మిగిలిన పులుసులో పోసుకొని తాగాలి. అచ్చంగా మన గంజి! మన అమ్మమ్మలు గంజి పారబోసేవారా? కుక్కరు వచ్చాక మన ఇళ్ళలో గంజి అనే మాటే పోయింది.

అసలు సంగతి ఇక్కడ ఉన్నది. లేచి వెళ్ళే ప్రతివారూ, కుర్రవాళ్ళు కూడా, ఆ ముసలాయన వైపు తిరిగి 'గోచిసోసమ' అని చెప్పి వెళుతున్నారు. ఆయన పనిలో నుండి తలెత్తి, వంగి, జవాబు చెబుతున్నాడు. ఆ మాటలో 'చిసో' అనే భాగానికి అర్థము పరుగులు తీయడమట. భోజనము సమకూర్చడానికి నా కోసం అటూ ఇటూ పరుగెత్తారు, అందుకు కృతజ్ఞుడను అని భావము. డబ్బులు చెల్లించి తిన్నవారు అంటున్న మాట ఇది! పైగా అక్కడ టిప్పు ఇచ్చే ఆచారము లేదు. బల్ల మీద చిల్లర వదిలితే మరిచిపోయారనుకొని వెనుక పరుగెత్తుకొస్తారని మావాడు ముందే హెచ్చరించాడు. ఇవ్వవలసినది ధర, ఆపైన ఒక మంచి మాట.

విదేశాలలో ఉన్న మన యవనస్థులు అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, అక్కడివారితో కలిసి తినేటప్పుడు చేతులు జోడించి ఆ మాట అనవచ్చునా? అది బౌద్ధుల ప్రార్థన కదా?" ఆ ఆచారములో బౌద్ధ భావన కలిసి ఉన్నదని చెప్పేవారున్నారు. మాటకు అర్థము మాత్రము వినయముగా పుచ్చుకుంటున్నాను అని. మొదట్లో ఇచ్చినదానిని నెత్తిన పెట్టుకోవడమనే అర్థము ఉండేది. మనము కళ్ళకద్దుకున్నట్టు. బడిలో మధ్యాహ్న భోజనానికి పిల్లలందరూ కలిసి అంటారు. జపానులో క్రైస్తవులు నూటికి ఒక్కరు ఉంటారేమో. వారిలో ప్రార్థన ముగించి ఈ మాట కూడా అనేవారున్నారు. కాబట్టి బాబూ, నిర్భయముగా అను. నీ ప్రార్థన నీవు చేసుకో, ఆ తరువాత వారి మాట కూడా అను. దేవునికి చెందవలసినది వంటమనిషికి ఇచ్చినట్టు కాదు.

ఇంకొక మాట చెబితే మనవారిలో కొందరికి నచ్చకపోవచ్చు. మన పల్లెల్లో పెద్దలు విందు తిని లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవారు. అన్నము పెట్టినవారు సుఖముగా ఉండాలని దీవెన, అంతే. విశ్వాసములోనికి వచ్చాక అది అన్యాచారమని చాలా కుటుంబాలు మానేశాయి. మానేసిన చోట మరొక మాట పెట్టుకోలేదు. ఆ దీవెనలో విగ్రహమేదీ మాకు కనబడదు. ఆ మాట వద్దనుకునేవారు "కడుపు నిండిందమ్మా, చల్లగా ఉండండి" అనండి. ఏదో ఒకటి అనండి. నోరు కట్టుకొని లేవడము మాత్రము విశ్వాసానికి గుర్తు కాదు.

మన ప్రేమవిందులే చూడండి. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి షామియానా వెనుక పొయ్యిల దగ్గర నిలబడేది పదిమంది స్త్రీలు. ప్రసంగము వారికి వినబడదు. పాటలు మైకులో వినబడితే వింటారు. వేదిక మీద అతిథులకు శాలువాలు, దండలు. చివర కృతజ్ఞతలు చెప్పేటప్పుడు మైకు సెట్టు తెచ్చిన తమ్ముడి పేరు కూడా చదువుతాము. పొయ్యి దగ్గరివారిని "వంట చేసిన సహోదరీలందరికీ" అని ఒక్క ముక్కలో ముగిస్తాము. వారు తినే సమయానికి కూర అడుగంటి ఉంటుంది.

రాబోయే కోత పండుగకు వంట చేసినవారిని వేదిక మీదికి పిలుద్దామని కమిటీ పెద్దలతో అన్నాము. వారు సరేనన్నారు. అమ్మగారు ఒప్పుకోలేదు. "పొగలో, చెమటలో, పసుపు మరకల చీరలతో ఎవరు వస్తారండీ మీ వేదిక మీదికి? చెప్పాలనుంటే మీరే రండి పొయ్యిల దగ్గరికి" అన్నది. ఆ ప్రకారమే నిర్ణయమైనది. ఆ రోజు తిన్నవారు విస్తరి పడవేసిన తరువాత షామియానా వెనుక దారిలోనుండి బయటికి వెళ్ళాలి. వారి కోసము పది విస్తర్ల అన్నము, కూర ముందే తీసి మూత పెట్టే బాధ్యత యవనస్థులది.